మెలితే ద్వీపములో కొన్ని దినములు

అపొస్తలుల కార్యముల చివరి రెండు అధ్యాయములు మన సంఘములలో తరచుగా చదవబడవు. పెంతెకొస్తు దినమును గూర్చి చదువుతాము, స్తెఫను మరణమును గూర్చి చదువుతాము, ఫిలిప్పీ చెరసాల వరకు ఆసక్తిగా వస్తాము. ఆ తరువాత ఓడల పేర్లు, గాలుల పేర్లు, రేవుల పేర్లు మొదలయ్యేసరికి పుట త్రిప్పేస్తాము. సముద్రపు ఒడ్డున సేవ చేసే మాబోటి వారికి మాత్రము ఆ భాగమే ఎక్కువ పరిచయము. మా సంఘములో సగము కుటుంబములు వేట మీద బ్రతికేవారు. లోతును బారలలో కొలవడము, లంగరు పట్టకపోవడము, చుక్కాని తాళ్ళు విప్పడము వారికి మేము వివరించనక్కరలేదు. వారే మాకు వివరించారు.

పౌలు ఎక్కిన ఓడ పగిలిన మెలితే ద్వీపమే నేటి మాల్టా. పోయిన ఫిబ్రవరిలో దేవుని కృపవలన మేమును మా ఇంటివారును ఆ దేశము చూచి వచ్చాము. పల్లెటూరి పాస్టరుకు అంత డబ్బు ఎక్కడిదని అడిగేవారు ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాము. మా సంఘబిడ్డ ఒకతె అక్కడి ఆసుపత్రిలో నర్సుగా పని చేస్తున్నది. "అయ్యగారూ, అమ్మగారిని తీసుకొని ఒక్కసారి రండి, పౌలు దిగిన చోటు చూపిస్తాను" అని మూడు సంవత్సరముల నుండి అడుగుతూ, చివరకు తానే టిక్కెట్లు పంపింది. హైదరాబాదు నుండి దుబాయి, దుబాయి నుండి మాల్టా.

విమానములోనుండి చూస్తే ఇంతేనా అనిపించింది. పెద్ద దీవి పొడవు సుమారు 27 కిలోమీటర్లు, వెడల్పు 14. మన వైపు రెండు మండలములంత ఉంటుంది. చెట్లు తక్కువ. ఇండ్లు, గోడలు, దేవాలయములు అన్నీ తేనెరంగు సున్నపురాయితో కట్టినవే. నది ఒక్కటీ లేదు. సిసిలీకి దక్షిణముగా తొంభై కిలోమీటర్ల దూరములో, నడి సముద్రములో పడి ఉన్న బండ అది. చీకటిలో గాలికి కొట్టుకొనిపోయే ఓడకు ఆ బండ తగలడము ఎంత అరుదో అప్పుడే తెలిసింది. కొంచెము ఉత్తరముగా గాని దక్షిణముగా గాని పోయి ఉంటే ఓడ దాటిపోయేదే.

ఆ ప్రజల భాష మమ్ములను ఆశ్చర్యపరచింది. అది అరబీ నుండి పుట్టిన భాష, ఇంగ్లీషు అక్షరముల వంటి అక్షరములతో వ్రాస్తారు. దేవుని పేరు వారికి "అల్లా". ప్రజలలో ఎక్కువమంది రోమను కథోలికులు. పూజలో గురువు "అల్లా" అని ప్రార్థిస్తుంటే మా ఇంటివారు మా మోచేయి పట్టుకొని లాగారు. ఒక మాటను ఒక మతమునకు అంటగట్టి వాదించుకొనే మనవారు ఆ పూజలో ఒక్కసారి కూర్చుంటే బాగుండుననిపించింది.

మేము వెళ్ళిన వారములో ఈశాన్యపు గాలి పట్టుకొన్నది. దానిని వారు గ్రిగాల్ అంటారు. పౌలు ఓడను క్రేతు దగ్గర పట్టుకొన్న గాలికి లూకా పెట్టిన పేరు ఊరకులోను. అదీ ఈశాన్యపు గాలియేనని పండితులు చెబుతారు. ఆ రోజు ప్రక్కనున్న గోజో దీవికి వెళ్ళే పెద్ద ఫెర్రీలు కూడ ఆగిపోయాయి. రాజధానియైన వల్లెట్టా కోటగోడ మీద నిలబడితే కెరటము రాతికి కొట్టుకొని అరుస్తున్నది. మా ఇంటివారు చీర కొంగు తలకు చుట్టుకొని, "ఈ గాలిలో పద్నాలుగు రాత్రులు అన్నము లేకుండా!" అన్నారు. అంతకుమించిన వ్యాఖ్యానము ఆ అధ్యాయమునకు మేము ఎక్కడా చదవలేదు.

ఆ పద్నాలుగు రాత్రుల లెక్కను ఒకాయన నిజముగానే లెక్కవేశారు. ఆయన స్కాట్లాండు దేశస్థుడు, పేరు జేమ్స్ స్మిత్. పాదిరి కాడు, పడవ నడపడము తెలిసినవాడు. 1844-45 చలికాలము మాల్టాలో గడిపి, పాతకాలపు ఓడలు గాలికి ఎట్లు కొట్టుకొనిపోతాయో నావికులను అడిగి తెలిసికొని, 1848లో ఒక గ్రంథము ప్రచురించారు. కౌద అను చిన్న దీవి నుండి మాల్టా కొన వరకు సుమారు 476 మైళ్ళు. తెరచాప దించి కొట్టుకొనిపోయే ఓడ రోజుకు 36 మైళ్ళ చొప్పున వస్తుంది. భాగించి చూడండి, పదమూడు దినములు దాటి కొంచెము! పద్నాలుగవ రాత్రి నేల దగ్గరపడినట్టు ఓడవారికి తోచెనని లూకా వ్రాసినది దానితో సరిపోయింది. ఇరువది బారలు, తరువాత పదిహేను బారలు అన్న లోతులు కూడ ఆ తీరపు పటములలో సరిపోయాయని స్మిత్ గారు చూపించారు. మెలితే వేరే దీవి అని వాదించేవారు లేకపోలేదు. అద్రియ సముద్రములోని మ్లియెట్ అని కొందరు, గ్రీకు దీవియైన కెఫలోనియా అని కొందరు అంటారు. మా మట్టుకు మాకు పడవవాని లెక్కయే నమ్మదగినదిగా తోచుచున్నది. మేము బైబిలు కళాశాలలో డిప్లొమా చదివిన రోజులలో ఈ పడవవాని పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ తరగతిలో నిద్రపోయేవారు తగ్గేవారేమో.

వల్లెట్టా నగరము 1566లో పునాది వేయబడినది. అక్కడ పౌలు ఓడ పగిలిన జ్ఞాపకార్థము ఒక పెద్ద దేవాలయము ఉన్నది. దానిని 1570ల నాటి నుండి కట్టుచు, మార్చుచు వచ్చారు. సన్నని వీధిలో గోడకు గోడ ఆనుకొని ఉండుటవలన బయటనుండి దాని పరిమాణము తెలియదు. లోపల ఎర్రని పట్టుబట్టలు, వెండి, చలువరాయి. అక్కడ ఉన్న చెక్క విగ్రహమును సుమారు 1659లో మెల్కియోరె కఫా అను శిల్పి చెక్కాడు. ప్రతి సంవత్సరము ఫిబ్రవరి 10న ఆ దేశమంతటికి సెలవు. ఆ దినమున విగ్రహమును భుజముల మీద మోసికొని వీధులలో తిప్పుతారు. మేడల మీదనుండి కాగితపు ముక్కలు మంచువలె కురిపిస్తారు, టపాకాయలు కాలుస్తారు. పౌలు మణికట్టు ఎముక అని వారు నమ్మే ఒక ఎముకను బంగారపు చేతి ఆకారములో భద్రపరచారు. రోములో ఆయన తల నరికిన స్తంభము అని చెప్పబడే రాతిముక్క కూడ ఉన్నది.

మేము ప్రొటెస్టెంటులము, ఎముకకు మ్రొక్కలేదు. ఆ ఎముక ఎవరిదో దేవునికి ఎరుక. అయినా ఎగతాళి చేయడానికి మనసు రాలేదు. మా ప్రక్కన ఒక ముసలి తల్లి కర్ర పట్టుకొని నిలబడి కన్నీరు తుడుచుకొంటున్నది. మాకు తోచినదేమంటే, ఆ ద్వీపమునకు పౌలు ఊరేగింపుతో రాలేదు, మణికట్టుకు సంకెలతో వచ్చాడు. తడిసిన ఖైదీకి నిప్పు రాజబెట్టిన ఆ పల్లెవారిని లూకా మరచిపోలేదు. ఇంత పెద్ద గుడి కట్టవలసినది ఆ నిప్పుకేమో.

ఆ నిప్పు పేరున ఒక చిన్న గుడి నిజముగానే ఉన్నది. సెయింట్ పాల్స్ బే అను ఊరిలో నీటికి దగ్గరలోనే, రద్దీ రోడ్డు ప్రక్కన. పాత గుడి రెండవ ప్రపంచ యుద్ధములో బాంబులకు కూలిపోగా మరల కట్టారు. మన పల్లె ప్రార్థనాలయము కన్నా పెద్దదేమీ కాదు. అక్కడనుండి సముద్రము వైపు చూస్తే రెండు చిన్న రాతి దీవులు, వాటి మీద 1845లో ప్రతిష్ఠించిన పౌలు విగ్రహము కనబడతాయి. ఆ దీవులకు నేలకు మధ్యనున్న సన్నని పాయయే లూకా చెప్పిన రెండు సముద్రములు కలిసిన చోటని అంటారు. అక్కడ గట్టు మీద మేము ఇరువది ఏడవ అధ్యాయము మొదటినుండి చివరివరకు తెలుగులో గట్టిగా చదివాము. దారినపోయే ఒక జాలరి ఆగి, టోపీ తీసి, అర్థము కాకపోయినా చివరివరకు నిలబడ్డాడు.

పల్లె పాఠకులకు పనికివచ్చే మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. మాల్టాలో మనుష్యులకు అపాయకరమైన విషసర్పములు లేవు. పౌలు చేయి పట్టిన తరువాత పాములకు విషము పోయిందని అక్కడివారు చెప్పుకొంటారు. మన పొలాలలో అట్టి భాగ్యము లేదు గనుక, పాము కరిస్తే మంత్రగాని దగ్గరకు గాక తిన్నగా ఆసుపత్రికి వెళ్ళండి. మరియొకటి. పొప్లి తండ్రి జ్వరముతో, రక్తభేదితో పడియుండెనని చదువుతాము. మాల్టా జ్వరము అని పేరుపడిన ఒక రోగము వందల సంవత్సరములు ఆ దీవిని పీడించింది. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు దాని సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. అది మేకల నుండి వస్తున్నదని 1905లో తెమిస్తొక్లెస్ జమ్మిత్ అను మాల్టా వైద్యుడు కనిపెట్టాడు. కాచని మేకపాలు త్రాగినవారికి జ్వరము. పొప్లి తండ్రిది అదే జ్వరమో కాదో ఎవరూ తేల్చలేరు గాని, తల్లులారా, మేకపాలైనా ఆవుపాలైనా పొంగువచ్చేవరకు కాచండి. ఆ రోగము మన పశువులలోనూ ఉన్నది.

ఇక అసలు సంగతి. మేము బయలుదేరే ముందు ఆదివారము మా సంఘములోని ఒక విధవరాలు ఆరాధన అయ్యాక ఆగింది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గోదావరి తీరమును కొట్టిన తుఫానులో ఆమె భర్త వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రాత్రి మా సంఘములోనుండి పోయినవారు ఏడుగురు. అప్పటికి మేము పిల్లలము, ఆ ఊరివారము కాము. అక్కడ సేవకు వచ్చి పన్నెండు సంవత్సరములైనది. ఏడుగురిలో ఒక్కరి శవమైనా దొరకలేదు. సమాధులు లేవు. సమస్త ఆత్మల దినమున అందరూ సమాధులకు సున్నము వేసి పూలు పెడుతుంటే, ఆ ఏడు ఇండ్లవారు ఒడ్డుకు వెళ్ళి నిలబడతారు.

ఆమె అన్నది: "అయ్యగారూ, పౌలుగారి ఓడలో రెండువందల డెబ్బది ఆరుగురు, ఒక్కరూ పోలేదంటారు. మా ఆయన ఓడలో ఐదుగురే. ఐదుగురూ ప్రార్థన చేసుకొనే ఎక్కారు. అక్కడికి వెళ్తున్నారుగా, దేవుణ్ణి అడిగి రండి."

ఈ మాట మా వెంట విమానములో వచ్చింది. జబ్బార్ అను ఊరిలో దేవాలయము ప్రక్కన ఒక మ్యూజియము ఉన్నది. పాతకాలపు నావికులు తుఫాను తప్పించుకొని వచ్చి, మ్రొక్కు చెల్లించుటకు గీయించిన ఓడ బొమ్మలు అందులో ఉన్నవి. విరిగిన తెరచాప కొయ్యలు, నల్లని కెరటములు, మూలన మేఘములో వెలుగు. క్రింద నాలుగు లాటిను అక్షరములు. మ్రొక్కుకొన్నాము, కృప పొందాము అని వాటి భావము. చూడచక్కని బొమ్మలే. కాని మా సంఘపు తల్లి మాట వినివచ్చిన మాకు, తిరిగి వచ్చినవారే బొమ్మలు గీయించగలరు గదా అని గుచ్చుకొన్నది. ఓడల ఘనతలో చెప్పని సంగతులు ఇంకా ఉన్నవి. ఆ దీవిని ఏలిన సెయింట్ జాన్ వీరుల యుద్ధనౌకలకు తెడ్లు వేసినవారు చాలమంది బానిసలు, సంకెలతో బల్లలకు కట్టబడినవారు. 1798లో నెపోలియను వచ్చి బానిసత్వము కొట్టివేసేవరకు అది సాగింది. వారికి బొమ్మలు లేవు.

వల్లెట్టాలోనే మన ప్రొటెస్టెంటుల దేవాలయము ఒకటి ఉన్నది. సెయింట్ పాల్స్ ఆంగ్లికను దేవాలయము. దాని గోపురము అరువది మీటర్లకు పైబడి ఎత్తు, రేవులోకి వచ్చే ఓడవారికి దూరమునుండే కనబడుతుంది. ఇంగ్లండు రాజు నాల్గవ విలియము నౌకాదళములో పని చేసిన రాజు. ఆయన విధవరాలైన అడిలెయిడ్ రాణి ఆరోగ్యము కొరకు 1838లో మాల్టాకు వచ్చి, అక్కడ తమ ఆరాధనకు తగిన గుడి లేకపోవుట చూచి తన సొంత ధనముతో కట్టించింది. 1839 మార్చి 20న మూలరాయి, 1844లో ప్రతిష్ఠ. మొదటివాని పనిలో లోపములు బయటపడగా, నౌకాదళపు శాఖనుండి వచ్చిన విలియం స్కాంప్ అను ఇంజనీరు సరిచేసి ముగించాడు. కట్టడపు కాంట్రాక్టరులతో బాధపడిన సంఘములు ఓదార్పు పొందవచ్చును, రాణిగారికీ తప్పలేదు!

మేము అక్కడ ఆదివారము ఆరాధనలో కూర్చున్నాము. సంఘము చిన్నది. నల్లవారు, తెల్లవారు, మలయాళీలు, మేమిద్దరము. ఆరాధన అయ్యాక గోడలు చూచాము. ఇక్కడ తిరిగి వచ్చినవారి బొమ్మలు లేవు, తిరిగి రానివారి జ్ఞాపకములు ఉన్నవి. బలిపీఠపు ప్రక్క భాగమంతా రెండవ ప్రపంచ యుద్ధములో ఆ ద్వీపమును కాపాడుటకు ప్రాణములిచ్చినవారి స్మారకము. 1942లో ఆ దీవి ఆకలితో చచ్చేస్థితికి వచ్చింది. ఆ ఆగస్టులో ఆహారము, చమురు తెచ్చుటకు పద్నాలుగు సరకు ఓడలు బయలుదేరితే ఐదే చేరాయి. చివరిది ఒహాయో అను చమురు ఓడ. అది మునిగిపోకుండా ఇరుప్రక్కల రెండు యుద్ధనౌకలను కట్టి ఆగస్టు 15న ఈడ్చుకొని వచ్చారు. దానితో దీవి బ్రతికింది. చేరని తొమ్మిది ఓడలలోనూ ప్రార్థన చేసేవారు ఉండే ఉంటారు.

ఆ బల్ల మీద కూర్చొని బైబిలు తెరిస్తే రెండవ కొరింథీ పదకొండవ అధ్యాయము వచ్చింది. పౌలు తాను ముమ్మారు ఓడ పగిలి శ్రమపడితినని, ఒక రాత్రింబగళ్ళు సముద్రములో గడిపితినని వ్రాసుకొన్నాడు. ఆ పత్రిక మెలితే ప్రయాణమునకు ముందు వ్రాసినది. అంటే మెలితేది నాలుగవది. మొదటి మూడు ఓడలలో ఎంతమంది బ్రతికారో పౌలు చెప్పలేదు. దేవదూత వచ్చి అందరి ప్రాణములకు పూచీ ఇచ్చినట్టు చదివేది నాలుగవదాని గూర్చియే. ఒక రాత్రి, ఒక పగలు నీళ్ళలో తేలుతున్న మనిషి ప్రక్కన ఎవరు చేయి వదిలారో, ఎవరి కేక ఆగిపోయిందో ఆయన ఎరుగును. ఎరిగియుండి మరల ఓడ ఎక్కాడు. ఇన్ని ప్రసంగములు చేసిన మేము ఆ మూడు ఓడలను గూర్చి ఎన్నడూ ప్రసంగము వినలేదు.

నర్సు బిడ్డ మమ్ములను అడ్డొలొరాటా అను స్మశానమునకు కూడ తీసుకొనివెళ్ళింది. 2015 ఏప్రిల్‌లో లిబియా నుండి యూరపుకు వలస పోవుచున్న పడవ ఒకటి మునిగి వందలమంది చనిపోయారు. ఆ సముద్రములో దొరికిన శవములలో ఇరువది నాలుగింటిని మాల్టాకు తెచ్చి, ఏప్రిల్ 23న అక్కడ పాతిపెట్టారు. వారి పేర్లు తెలియవు. క్రైస్తవ బిషప్పును ముస్లిము ఇమామును కలిసి అంత్యప్రార్థనలు చేశారు. తడిసి వచ్చిన పరదేశులకు నిప్పు రాజబెట్టిన దీవి, తరువాతి కాలములో కొన్ని పడవలను రానివ్వని దినములు కూడ ఉన్నవని ఆ బిడ్డయే చెప్పింది. అక్కడ మేము మోకరించి ప్రార్థించాము. ఎవరి కొరకు అంటే పేర్లు లేవు. "వీరి తల్లులను జ్ఞాపకము చేసికొనుము" అని మాత్రము మా ఇంటివారు అన్నారు.

తిరిగి వచ్చిన మొదటి ఆదివారము ఆ తల్లి ఇంటికి వెళ్ళి చూచినదంతా చెప్పాము. ఆ మూడు ఓడల మాట విని చాలసేపు ఊరకుండి, "ఆయనకీ తెలుసన్నమాట" అన్నది. తరువాత, "మా వాళ్ళ పేర్లు కూడా గుడిలో పెట్టిస్తారా అయ్యగారూ?" అని అడిగింది.

సంఘ కమిటీలో చర్చ జరిగింది. సమాధి లేనివారికి పలక ఏమిటని ఒకరు, విగ్రహారాధనకు దారి అవుతుందని ఒకరు, ఖర్చని ఒకరు అన్నారు. పెద్దలలో ఒకాయన తమ్ముడు ఆ ఏడుగురిలో ఒకడు. ఆయన ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎత్తనివాడు, లేచి, "టేకు చెక్క నేనిస్తాను" అని కూర్చున్నాడు. అంతటితో తీర్మానమైనది.

పేర్లు సేకరించేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. ఏడవవాడు పద్నాలుగేండ్ల కుర్రవాడు, వేరే ఊరినుండి కూలికి వచ్చి ఆ సీజనులోనే ఓడ ఎక్కినవాడు, ప్రతి ఆదివారము మన గుడిలో వెనుక చాప మీద కూర్చొనేవాడట. అతని ఇంటిపేరు గాని బాప్తిస్మపు పేరు గాని ఎవరికీ తెలియదు. రెండు ఊర్లు తిరిగి అడిగించాము. అందరూ అతనిని నాని అనే పిలిచేవారు. పెయింటరు బ్రష్షు పట్టుకొని ఏమి వ్రాయమంటారని అడిగితే, నాని అనే వ్రాయమన్నాము.